పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు: బండ్ల బిడారు నుంచి శాసనసభకు, జెఫర్సన్ హంట్

రాయగడ, గజపతి, నవరంగపుర్, మల్కన్‌గిరి జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడిన తీరును గత సంచికలో వివరించాను. దూరపు తావుల వాళ్లు తమకొక కచేరీ కావాలని అడగడం మన సరిహద్దు ప్రాంతానికే ప్రత్యేకం కాదనీ, అమెరికాలో జెఫర్సన్ హంట్ అనే మోర్మన్ వలసదారుడు 1853లోనే శాసనసభలో కూర్చుని ఒక ఎడారి ప్రాంతాన్ని జిల్లాగా చేయించాడనీ అక్కడ ఒక వాక్యం రాశాను. మిగిలిన జవాబంతా వదిలేసి ఎక్కువమంది పాఠకులు ఆ వాక్యాన్నే పట్టుకుని అడిగారు కాబట్టి, ఈ సంచికలో శీర్షిక మొత్తం హంట్‌కే కేటాయిస్తున్నాను.

ప్రశ్న (కళాశాల విద్యార్థి, రాయగడ): అసలు మోర్మన్లు ఎవరండీ? మతం కోసం ఇల్లూవాకిలీ వదిలి వలసపోయిన మనిషి సైన్యంలో కెప్టెన్ ఎలా అయ్యాడు?

జవాబు: న్యూయార్క్ రాష్ట్రంలో 1830 ఏప్రిల్ 6న జోసెఫ్ స్మిత్ అనే యువకుడు స్థాపించిన క్రైస్తవ సంఘానికి చెందినవారిని మోర్మన్లు అంటారు. మన జయపురం, కోరాపుట్ ప్రాంతంలో జర్మన్ మిషనరీలు నెలకొల్పిన లూథరన్ సంఘానికీ, సెరంగో వైపు కెనడా వాళ్లు నడిపిన బాప్టిస్టు మిషన్‌కూ వీరితో సంబంధం లేదు. బైబిలుతోపాటు మరొక గ్రంథాన్ని పవిత్రంగా భావించడం, తమ పెద్దను ప్రవక్తగా ఎంచడం, ఎక్కడ స్థిరపడినా ఒక్క కట్టుగా ఉండి ఓట్లన్నీ ఒకే వైపు వేయడం ఇరుగుపొరుగు వారికి కంటగింపు అయ్యాయి. మిస్సోరీ గవర్నరు 1838 అక్టోబరులో వీరిని రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలనీ, కాకపోతే నిర్మూలించాలనీ ఆదేశం జారీ చేశాడు. వీరు ఇల్లినాయిస్‌కు పోయి నావూ అనే పట్టణం కట్టుకుంటే, 1844 జూన్ 27న అక్కడికి సమీపంలోని కార్తేజ్ జైలులో ఒక గుంపు జొరబడి స్మిత్‌ను కాల్చి చంపింది. 1846 ఫిబ్రవరి నాటికి బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో వేలాది కుటుంబాలు మళ్లీ బండ్లు కట్టవలసి వచ్చింది.

హంట్ 1803లో కెంటకీలో పుట్టి, 1835లో ఈ సంఘంలో చేరినవాడు. తరిమివేతలన్నీ చూసిన ఆ మనిషిని, తరిమిన దేశం తరఫునే యుద్ధానికి పంపినవాడు బ్రిగమ్ యంగ్. 1846 మే నెలలో అమెరికా మెక్సికో మీద యుద్ధం ప్రకటించింది. అయోవాలో గుడారాలు వేసుకుని చేతిలో డబ్బు లేక అవస్థ పడుతున్న మోర్మన్ల దగ్గరకు సైన్యాధికారి జేమ్స్ అలెన్ వచ్చి, అయిదు వందల మంది కావాలని అడిగాడు. యంగ్ లెక్క వేసుకున్నాడు. ఒక్కొక్క సైనికుడికి ఏడాది బట్టల భత్యంగా 42 డాలర్లు ముందుగానే చెల్లిస్తారు, పడమటికి పోయే ఖర్చు ప్రభుత్వమే భరిస్తుంది, తమ మీద ఉన్న దేశద్రోహమనే అనుమానమూ కొంత తగ్గుతుంది. జులై 16న చేరిన ఆ మోర్మన్ బెటాలియన్‌లో మొదటి కంపెనీకి హంట్ కెప్టెన్ అయ్యాడు. నడిపించినవాడు మోర్మన్ కాని ఫిలిప్ సెయింట్ జార్జ్ కుక్ అనే అధికారి. శాంటా ఫే మీదుగా దాదాపు రెండు వేల మైళ్లు నడిచి 1847 జనవరి చివర శాన్ డియేగో చేరిన ఆ దళం శత్రువుతో ఒక్క యుద్ధం కూడా చేయలేదు. దారిలో అడవి ఎద్దుల మందతో జరిగిన కొట్లాటనే వాళ్లు యుద్ధమని చెప్పుకొన్నారు.

ఆ నడక వల్ల హంట్‌కు దక్కిన లాభం హోదా కంటే దారి తెలియడమే అని నా అభిప్రాయం. అదే ఏడాది నేటి యూటాలో ఉన్న సాల్ట్ లేక్ దగ్గరి కొత్త మోర్మన్ వలస తిండిగింజలు, పశువులు లేక కటకటలాడుతుండగా, కొద్దిమందిని వెంటబెట్టుకుని చలికాలంలో మళ్లీ కాలిఫోర్నియా పోయి పశువులు కొని తోలుకొచ్చినవాడు ఆయనే. ఆ మందలో చాలా పశువులు ఎడారిలో నీళ్లు లేక చచ్చిపోయాయి. ఏ మజిలీకీ ఏ మజిలీకీ మధ్య నీరు దొరకదో ఆయనకు ఆ ప్రయాణంలో తెలిసింది.

ప్రశ్న (లారీ యజమాని, జయపురం): డెత్ వ్యాలీ అనే మృత్యులోయకు ఆ పేరు రావడం వెనక హంట్ ఉన్నాడని ఎక్కడో చదివాను. ఆయన దారి తప్పించాడా?

జవాబు: తప్పించలేదు, అయితే ఆయన పాత్ర బొత్తిగా లేదనీ అనలేము. కాలిఫోర్నియాలో బంగారం దొరికిన కబురు విని 1849లో తూర్పు నుంచి బయలుదేరిన వేలమందిలో, ఆలస్యంగా సాల్ట్ లేక్ చేరినవాళ్లకు ఉత్తరపు దారిన సియెర్రా కొండలు దాటడానికి ధైర్యం చాలలేదు. మూడేళ్ల క్రితమే డానర్ అనే కుటుంబం ఉన్న బృందం ఆ మంచులో చిక్కుకుని, చివరకు చనిపోయినవారి మాంసం తిన్న సంగతి అందరికీ తెలుసు. అందుచేత దక్షిణాన పాత స్పానిష్ బాట మీదుగా లాస్ ఏంజిలస్ దాకా దారి చూపడానికి బండికి పది డాలర్ల చొప్పున హంట్‌తో బేరం కుదుర్చుకున్నారు. నూరుకు పైగా బండ్లు అక్టోబరులో కదిలాయి.

ఘాట్ రోడ్ల మీద బండి నడిపే మీకు చెప్పనక్కరలేదు, ముందు నడిచేవాడి మీద నమ్మకం ఒకసారి సడలితే మళ్లీ నిలవదు. బీవర్ నది దాటాక హంట్ దగ్గరి దారి ఉందేమోనని వెతికి, నీరు దొరక్క అందరినీ వెనక్కి మళ్లించవలసి వచ్చింది. ఆయన చేసిన పొరపాటు అదొక్కటే, కానీ సరిగ్గా ఆ సమయంలోనే గుర్రాల మీద వచ్చిన మరొక బృందం నాయకుడు ఒక చేతిపటం చూపించి, పడమటికి సూటిగా పోతే వందల మైళ్లు కలిసి వస్తాయని చెప్పాడు. ఆ పటంలోని దారిలో ఎవరూ బండి తోలలేదు. బిడారు ఆగి సభ పెట్టుకుంది. హంట్ వాదించడానికి పూనుకోలేదు. తాను లాస్ ఏంజిలస్ దాకా తీసుకుపోతానని ఒప్పుకున్నానని, ఒక్క బండి తన వెంట వచ్చినా ఆ ఒక్క బండికీ దారి చూపుతానని, తెలియని దారిన పోతే మాత్రం ప్రాణాల మీదకు వస్తుందని చెప్పి ఊరుకున్నాడు. నవంబరు మొదట్లో ఆయన వెంట మిగిలినవి ఏడు బండ్లు.

ఆ ఏడూ డిసెంబరులో క్షేమంగా చేరాయి. విడిపోయినవారిలో ఎక్కువమంది కొద్ది రోజులకే ఎదురైన పెద్ద అగాధం దగ్గర ఆగి, తిరిగి హంట్ జాడనే పట్టుకుని వచ్చారు. పట్టు వదలని కొద్ది బండ్లవాళ్లు మాత్రం సముద్ర మట్టానికి 86 మీటర్ల దిగువ దాకా ఉన్న ఉప్పు లోయలో దిగి ఇరుక్కున్నారు. అది చలికాలం కనుక వాళ్లను కుంగదీసింది ఎండ కాదు, ఆకలీ దాహమూ. లూయిస్ మాన్లీ, జాన్ రోజర్స్ అనే ఇద్దరు యువకులు కాలినడకన బయటపడి, ఆహారం సంపాదించి, తాము సుఖంగా ఉండిపోగల అవకాశం ఉన్నా మళ్లీ వెనక్కి వచ్చి చిన్నపిల్లలున్న కుటుంబాలను బయటకు తెచ్చారు. పేరు అంత భయంకరమైనా, ఆ బృందాల్లో లోయలోనే మరణించినవారు అతి కొద్దిమందే.

ప్రశ్న (విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, గుణుపురం): ఒక్క సభ్యుడు బిల్లు పెట్టగానే జిల్లా వచ్చేస్తుందా? మాకు కోరాపుట్ నుంచి విడివడడానికి ఎన్ని ఏళ్లు పట్టిందో మీకు తెలుసు కదా!

జవాబు: అక్కడ తొందరగా రావడానికి కారణం హంట్ వాక్చాతుర్యం కాదు, దాని వెనక జరిగిన ఏర్పాటు. 1851లో ఏమసా లైమన్, చార్లెస్ రిచ్ అనే ఇద్దరు సంఘ పెద్దలు దాదాపు 430 మందిని, 150 బండ్లను సాల్ట్ లేక్ నుంచి దక్షిణ కాలిఫోర్నియాకు నడిపించారు. ఆ బృందంలో హంట్ ఉన్నాడు. సముద్ర మార్గాన వచ్చే కొత్త మోర్మన్లకు అది మజిలీ కావాలన్నది ఆలోచన. లూగో అనే స్పానిష్ కుటుంబం దగ్గర శాన్ బెర్నార్డినో రాంచోను, అంటే పశువుల మేతకు వాడే పెద్ద భూఖండాన్ని, 77,500 డాలర్లకు, చాలా భాగం అప్పు చేసి కొన్నారు. ఇండియన్ల, అంటే అక్కడి ఆదివాసుల, తిరుగుబాటు భయంతో మొదట కోట కట్టి అందరూ అందులో తలదాచుకున్నారు. మరుసటి ఏడు కొండ మీది కలప దింపుకోవడానికి రోడ్డు వేసుకున్నారు, గోధుమ వేశారు.

మీరు రెవెన్యూ శాఖలో చేసినవారు కాబట్టి ఇక్కడి చిక్కు మీకు వెంటనే అర్థమవుతుంది. స్పెయిన్, మెక్సికోల కాలంలో ఇచ్చిన భూములన్నిటి హక్కునూ తేల్చడానికి అమెరికా ప్రభుత్వం 1851లోనే ఒక కమిషన్ వేసింది. మోర్మన్లు తాము కొన్నామనుకున్న విశాలమైన రాంచో ఆ విచారణలో సుమారు 35,500 ఎకరాలకు కుదించుకుపోయింది. నెత్తిన అప్పు, వడ్డీ, హద్దుల తగాదా ఉండగా దస్తావేజుకూ, పన్నుకూ, కోర్టుకూ అరవై మైళ్ల దూరాన ఉన్న లాస్ ఏంజిలస్‌కు పోవాలి. అప్పటి లాస్ ఏంజిలస్ కౌంటీ, అంటే మన లెక్కన జిల్లా, తూర్పున కొలరాడో నది దాకా సాగి ఉండేది. కోర్టు వాయిదా కోసం ఘాట్ ఎక్కి కోరాపుట్ చేరిన మన పాత తరం వారి కష్టమే అది.

మిస్సోరీలో ప్రాణాల మీదకు తెచ్చిన ఒక్క కట్టు ఓటు ఇక్కడ పనికివచ్చింది. జనాభా తక్కువైన ఆ కౌంటీలో వలసవాళ్ల ఓట్లన్నీ ఒక్కచోట పడితే సభ్యుడు గెలుస్తాడు. 1852లో హంట్ అలా లాస్ ఏంజిలస్ కౌంటీ ప్రతినిధిగా ఎన్నికయ్యాడు. అప్పటికి రాష్ట్రానికి స్థిరమైన రాజధాని కూడా లేదు. 1853 సమావేశాలు వయేహోలో మొదలై, వసతి చాలక బెనీషియాకు మారాయి. శాన్ బెర్నార్డినోకు నాలుగు వందల మైళ్ల దూరాన ఉన్న ఆ ఊళ్లో హంట్ పెట్టిన బిల్లు, 1853 ఏప్రిల్ 26న చట్టమై శాన్ బెర్నార్డినో కౌంటీని సృష్టించింది. పాత కౌంటీ పెద్దలకు ఎడారి మీద మమకారం లేదు, పన్ను రాని నేల మీద ఖర్చు తప్పడం వారికీ మేలే. మన దగ్గర అడిగేవాడు ఒకడు, వదులుకోవడానికి ఇష్టపడనివాడు మరొకడు కావడం వల్లనే ఏళ్లు పడతాయి.

కొత్త జిల్లాకు 1857 దాకా హంటే శాసనసభ్యుడు. మధ్యలో రాష్ట్ర మిలీషియాలో, అంటే పౌరసైన్యంలో, బ్రిగేడియర్ జనరల్ హోదా కూడా ఇచ్చారు. కొన్ని భాగాలు తరువాత విడిపోయినా, ఆ కౌంటీ నేటికీ సుమారు 52,000 చదరపు కిలోమీటర్లు, ఒడిశా మొత్తంలో మూడో వంతు. అలాస్కా మినహాయిస్తే అమెరికాలో అంత పెద్ద కౌంటీ లేదు.

ప్రశ్న (గృహిణి, బరంపురం): ఆయనకు ఇద్దరు భార్యలట. అలాంటి మనిషిని ప్రజలు ఎన్నుకున్నారా? ఆ ఇద్దరి సంగతి ఏమిటి?

జవాబు: నిజమే. 1823లో సీలియా మౌంట్స్‌ను పెళ్లాడాడు, తరువాత సంఘం అనుమతితో మటిల్డా నీస్‌ను చేసుకున్నాడు. బహుభార్యాత్వం తమ ఆచారమని మోర్మన్ సంఘం బహిరంగంగా ప్రకటించింది 1852లో, అంటే హంట్ ఎన్నికైన సంవత్సరమే. ఓటు వేసినవారిలో ఎక్కువమంది స్వమతస్థులు కనుక అది అడ్డం రాలేదు.

బెటాలియన్ నడకను మగవాళ్ల సాహసంగానే చెప్పుకుంటారు గాని, ముప్ఫైకి పైగా స్త్రీలు, ఎందరో పిల్లలు ఆ దళం వెంట బయలుదేరారు. సీలియా, మటిల్డా ఇద్దరూ వాళ్లలో ఉన్నారు. రోగులతోపాటు కుటుంబాలను మధ్యదారిలోనే ఉత్తరాన ఉన్న పుయెబ్లోకు మళ్లించగా, చివరిదాకా నడిచి కాలిఫోర్నియా చేరిన స్త్రీలు నలుగురు. పుయెబ్లోలో చలికాలం గడిపినవారు 1847 జులై చివర సాల్ట్ లేక్ చేరారు. భర్త కాలిఫోర్నియాలో ఉండగా పిల్లలను కాచుకుని ఆ కొండలు దాటిన ఆ ఇద్దరి ఓర్పు ముందు కెప్టెన్ హోదా నాకు చిన్నదిగానే కనిపిస్తుంది.

చట్టం తరువాత బిగిసింది. 1862లో అమెరికా కాంగ్రెసు, అంటే ఆ దేశపు పార్లమెంటు, బహుభార్యాత్వాన్ని నిషేధించింది, 1879 జనవరిలో రేనాల్డ్స్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని సమర్థించింది. మతవిశ్వాసం వేరు, దాని పేరిట చేసే పని వేరని చెబుతూ న్యాయమూర్తులు భర్త చితిపై భార్య దహనమయ్యే ఉదాహరణను ఎత్తారు. మన సతీసహగమనం వాళ్ల తీర్పులో అలా చోటు చేసుకుంది. సంఘం 1890లో ఆ ఆచారాన్ని విరమించుకుంటున్నట్లు ప్రకటించాకనే, 1896లో యూటాకు రాష్ట్ర హోదా దక్కింది.

ప్రశ్న (పాఠశాల ఉపాధ్యాయుడు, గుమ్మ): లూగో కుటుంబం అమ్మింది, మోర్మన్లు కొన్నారు. ఆ నేల లూగోలకు ఎలా వచ్చింది? మా సవర పిల్లలు వేసే ప్రశ్న ఇది.

జవాబు: పిల్లలు అడగవలసిందే అడిగారు. ఆ నేల సెర్రానో, కహుయియా తెగలది. మెక్సికో ప్రభుత్వం 1842లో లూగోలకు రాసిచ్చిన పట్టాలో ఆ తెగల సమ్మతికి చోటు లేదు. కహుయియాల పెద్ద హువాన్ ఆంటోనియో తన మనుషులతో లూగోల పశువులను దొంగల నుంచి కాచేవాడు. 1851 చివరలో ఆంటోనియో గార్రా నడిపిన తిరుగుబాటు భయంతోనే మోర్మన్లు కోట కట్టారని పైన చెప్పాను కదా, ఆ గార్రాను పట్టి అప్పగించినవాడు కూడా హువాన్ ఆంటోనియోయే. వలస నిలబడడానికి అంత సాయం చేసిన కహుయియాలను 1863లో మశూచి ఊడ్చుకుపోయింది, ఆయనా అందులోనే పోయాడు.

హంట్ కూర్చున్న శాసనసభ 1850లోనే ఇండియన్ల రక్షణ పేరిట ఒక చట్టం చేసింది. పని లేకుండా తిరుగుతున్నాడని ఏ ఇండియన్నయినా పట్టుకుని తెల్లవాడి దగ్గర కూలికి పెట్టడానికి ఆ చట్టం వీలిచ్చింది. మన ఏజెన్సీలో వడ్డీవ్యాపారుల చేతికి కొండభూములు పోతుంటే, ఆలస్యంగానైనా మద్రాసు ప్రభుత్వం 1917లో ఆ బదిలీలను అడ్డుకునే చట్టం తెచ్చింది, ఒడిశాలో 1956 నాటి రెగ్యులేషన్ వచ్చింది. వాటి అమలు ఎలా ఉన్నా, కాగితం మీదైనా నేల ఎవరిదో ఒప్పుకున్నాయి. కాలిఫోర్నియా ఆ మాత్రం కూడా ఒప్పుకోలేదు. తరిమివేత రుచి తెలిసిన హంట్ లాంటివాడు ఈ సంగతి మీద సభలో పోరాడి పేరు తెచ్చుకోలేదు. జిల్లా విషయంలో ఆయనను మెచ్చుకున్నంత మాత్రాన దీన్ని దాటవేయడం న్యాయం కాదు.

నల్లజాతి వారి మాట కూడా చేర్చాలి. దక్షిణ రాష్ట్రాల మోర్మన్లలో కొందరు బానిసలతోనే శాన్ బెర్నార్డినో వచ్చారు. కాలిఫోర్నియా రాజ్యాంగంలో బానిసత్వం నిషిద్ధం. బిడ్డీ మేసన్ అనే స్త్రీని, ఆమె పిల్లలను, మరికొందరిని యజమాని టెక్సాస్‌కు తరలించబోగా 1856 జనవరిలో న్యాయమూర్తి బెంజమిన్ హేస్ మొత్తం పద్నాలుగు మందికీ స్వేచ్ఛ ఇచ్చాడు. ఆమె తరువాత లాస్ ఏంజిలస్‌లో మంత్రసానిగా పనిచేసి, స్థలాలు కొని సంపన్నురాలైంది.

ప్రశ్న (వర్తకుడు, మోటు): జిల్లా తెచ్చిన మనిషి అక్కడే ఎందుకు ఉండలేదు?

జవాబు: పిలుపు వచ్చింది. 1857లో అధ్యక్షుడు బుకానన్ యూటా మీదకు సైన్యాన్ని పంపగా, బ్రిగమ్ యంగ్ దూరపు వలసలన్నిటినీ వెనక్కి రమ్మన్నాడు. అదే సెప్టెంబరు 11న దక్షిణ యూటాలో మౌంటెన్ మెడోస్ వద్ద కాలిఫోర్నియాకు పోతున్న సుమారు 120 మంది ప్రయాణికులను మోర్మన్ మిలీషియా చంపడంతో, దక్షిణ కాలిఫోర్నియాలో మోర్మన్ల మీద కోపం రగిలింది. ఇళ్లూ పొలాలూ వచ్చినకాడికి అమ్ముకుని మోర్మన్లలో చాలామంది వెళ్లిపోయారు. హంట్ కూడా వెళ్లాడు. కౌంటీ మాత్రం మిగిలిన కొద్దిమందితో, కొత్తగా వచ్చినవారితో నిలిచింది.

1860లో ఆగ్డెన్ లోయలో ఆయన నెలకొల్పిన ఊరు ఆయన పేరనే హంట్స్‌విల్ అయింది. యూటా టెరిటరీ శాసనసభలోనూ కూర్చున్నాడు. ఆ తరువాత ఇంకా ఉత్తరానికి జరిగి ఐడహోలోని ఆక్స్‌ఫర్డ్ ప్రాంతంలో స్థిరపడ్డాడు. 1863 జనవరిలో బేర్ నది ఒడ్డున అమెరికా సైన్యం వందలాది షోషోనీ తెగవారిని చంపిన తావు అక్కడికి ఎంతో దూరం కాదు. 1879 మే నెలలో చనిపోయాడు, రెడ్ రాక్ కనుమ దగ్గర ఆయన సమాధి ఉంది.

ప్రశ్న (న్యాయవాది, పర్లాకిమిడి): జిల్లాతో ఆగక, రాష్ట్రాన్నే చీల్చాలని హంట్ ప్రతిపాదించాడని విన్నాను. మా ఎస్టేటును 1936లో రెండు రాష్ట్రాలకు పంచిన చరిత్ర తెలిసినవాణ్ని కనుక అడుగుతున్నాను.

జవాబు: విన్నది నిజమే. 1855లో ఆయన కాలిఫోర్నియా దక్షిణ భాగాన్ని కొలంబియా అనే కొత్త రాష్ట్రంగా విడదీయాలని బిల్లు పెట్టాడు. ఉత్తరాన గనులు, జనం ఎక్కువ, చట్టసభలో బలమూ వారిదే. దక్షిణాన పశువులు, భూములు ఎక్కువ కనుక భూమి పన్ను బరువు దక్షిణాది మీద పడుతోందన్నది ఫిర్యాదు. సభలో దాన్ని మార్చి మూడు ముక్కలు చేద్దామన్నారు, చివరికి అది ముందుకు సాగలేదు. 1859లో ఆంద్రేస్ పీకో అలాంటి ప్రతిపాదననే చట్టసభలో నెగ్గించుకున్నాడు, దక్షిణపు ఓటర్లు మూడింట రెండు వంతులకు పైగా ఆమోదించారు, గవర్నరు వాషింగ్టన్‌కు పంపాడు. అంతలో అంతర్యుద్ధం ముంచుకు రావడంతో కాంగ్రెసు దాన్ని పట్టించుకోలేదు.

మీ మహారాజు కృష్ణచంద్ర గజపతి లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లి ఒడిశా కోసం వాదించిన తీరుతో దీన్ని పోల్చాలనిపించడం సహజమే, కానీ తేడా ఉంది. ఇక్కడ హద్దు గీయడానికి భాష ఆధారమైంది, అందువల్ల తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే మీ ఊరి లాంటి చోట్ల ఎటు గీసినా కొందరికి బాధ మిగిలింది. హంట్ బిల్లులో భాష ఊసు లేదు, స్పానిష్ మాట్లాడే పాత కుటుంబాలూ, ఇంగ్లీషు మాట్లాడే కొత్తవాళ్లూ పన్ను దగ్గర ఒక్కటయ్యారు. ఆ ఫిర్యాదు ఇంకా తీరలేదు: 2022 నవంబరు ఎన్నికల్లో శాన్ బెర్నార్డినో కౌంటీ ఓటర్లు, రాష్ట్ర నిధుల్లో తమకు న్యాయమైన వాటా రావడానికి అవసరమైతే కాలిఫోర్నియా నుంచి విడిపోవడం సహా అన్ని మార్గాలనూ పరిశీలించాలన్న తీర్మానాన్ని స్వల్ప ఆధిక్యంతో ఆమోదించారు. విడిపోవాలంటే రాష్ట్ర చట్టసభ, అమెరికా కాంగ్రెసు రెండూ ఒప్పుకోవాలి.